జంతువుల గుంపులు నేర్పడం – 3వ పాఠం: పాకేవన్నీ సరీసృపాలేనా?

పోయిన పాఠంలో పిల్లల చేత బొమ్మల కార్డులను వెన్నెముక ఉన్నవి, లేనివి అని రెండు కుప్పలు చేయించాం. ఈరోజు పని మొదటి కుప్పతోనే. రెండోదాన్ని మరీ దూరంగా సర్దేయకండి, అందులోని వానపాము, జెర్రి, నత్త మొదట్లోనే కావాలి.

సరీసృపం అంటే పాకేది అని అర్థం. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. ఆ అర్థం చెప్పి పాఠం మొదలుపెడితే, అయిదారేళ్ల పిల్లలు వెంటనే నత్తనీ జెర్రినీ తెచ్చి పెడతారు. వానపాముకైతే పేరులోనే పాముంది! అందుకే ముందు పేరు చెప్పకండి. పాము, వానపాము కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి, "ఇవి చుట్టాలేనా?" అని మాత్రం అడగండి. "కాదు, దీనికి వెన్నెముక లేదుగా" అని పిల్లలే అంటే పోయిన పాఠం వంటబట్టినట్టే. అనకపోతే ఇవాళ ముందుకు వెళ్లకండి. తొందరేం లేదు.

ఇక అసలు ఆట. పాము, తొండ, బల్లి, తాబేలు, మొసలి, కప్ప, సాలమాండర్ (చూడ్డానికి బల్లిలా ఉండే, కప్పకు చుట్టమైన జంతువు), చేప, పిచ్చుక, అలుగు (పాంగోలిన్) కార్డులు నేల మీద పరవండి. "ఒంటి నిండా పొలుసులున్నవి ఏరు" అనండి. పాము, తొండతో పాటు చేప వస్తుంది, అలుగు కూడా వస్తుంది. రానివ్వండి. ఒక్క గుర్తుతో గుంపు తేలదని తెలియడానికి ఇంతకన్నా మంచి దారి నాకు దొరకలేదు. తర్వాత రెండో ప్రశ్న: "పిల్లకు పాలిస్తుందా?" అలుగు బయటికి పోతుంది. మూడోది: "నీళ్లలోనే ఉండి మొప్పలతో ఊపిరి పీలుస్తుందా?" చేప పోతుంది. మిగిలినవాటిని చూపించి, అప్పుడు చెప్పండి, వీటిని సరీసృపాలంటారని.

నేను మొదట్లో దీన్ని తలకిందులుగా చేశాను. అయిదు లక్షణాలు బట్టీ పట్టించాను. వాటిని గడగడా అప్పజెప్పిన పిల్లవాడే సాలమాండర్‌ను తీసుకెళ్లి బల్లి పక్కన పెట్టాడు. ఆకారం చూస్తే ఎవరైనా అంతే చేస్తారు. 1758లో, జీవుల వర్గీకరణకు పునాది వేసిన శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ అంతటివాడు కూడా కప్పలనీ బల్లులనీ పాములనీ ఒకే తరగతిలో వేశాడు. కాబట్టి పిల్లల్ని కసరకండి. చర్మం వైపు, కాలి వేళ్ల వైపు చూడమనండి. సాలమాండర్ చర్మం తడిగా, నున్నగా, పొలుసులు లేకుండా ఉంటుంది. బల్లికి పొలుసులుంటాయి, వేళ్లకు గోళ్లుంటాయి. సాలమాండర్లలో దాదాపు వేటికీ గోళ్లుండవు.

పాము జిగటగా ఉంటుందని చాలామంది పిల్లల నమ్మకం, పెద్దలకూ ఉంది. నిజానికి దాని ఒళ్లు పొడిగా ఉంటుంది. పిల్లల గోరు వాళ్ల చేతే తడిమించండి. పొలుసుల్లో ఉండేదీ గోళ్లలో ఉండే కెరాటిన్ రకానికి చెందిన పదార్థమే. నీటి దగ్గరే ఉండక్కర్లేకుండా, ఎండిన నేల మీద బతకగలగడానికి ఆ పొడి చర్మం ఒక ముఖ్య కారణం.

"శీతల రక్త జంతువులు" అనే మాట ఈ వయసులో వాడకపోవడమే నయం. వాటి రక్తం ఎప్పుడూ చల్లగా ఉంటుందని పిల్లలు అనుకుంటారు, కానీ ఎండ కాగుతున్న తొండ రక్తం మనంత వెచ్చగానూ ఉండొచ్చు. దాని బదులు ఇలా చేయండి. ఒక చెంచాను ఎండలో, ఇంకోదాన్ని నీడలో పదినిమిషాలు ఉంచి పట్టుకు చూడమనండి (మరీ కాలిపోతుందేమో ముందు మీరు చూసి ఇవ్వండి). తర్వాత థర్మామీటర్ చంకలో పెట్టి, నీడలో ఉన్నప్పుడొకసారి, కాసేపు ఎండలో నిలబడ్డాక ఒకసారి చూడండి. రెండుసార్లూ ఇంచుమించు ఒకటే అంకె. తొండ చెంచా లాంటిది, వేడి బయటి నుంచి తెచ్చుకోవాలి. మనం లోపలే పుట్టించుకుంటాం.

గుడ్ల సంగతి త్వరగా దాటేయండి. చాలా సరీసృపాలు నేల మీద పెంకున్న గుడ్లు పెడతాయి, రక్తపింజర లాంటివి నేరుగా పిల్లలనే కంటాయి. గుడ్డును పరీక్షగా పెట్టుకుంటే పాఠం తడబడుతుంది.

ప్రపంచంలో సుమారు 12,000 సరీసృప జాతులున్నాయి. వాటిలో 11,000కు పైగా పాములూ బల్లులే, రెండూ ఒకే గుంపు. తాబేళ్లది ఒక గుంపు, మొసళ్లది ఒకటి. నాలుగో గుంపులో మిగిలింది న్యూజిలాండ్‌లో ఉండే టువటారా ఒక్కటే.

"కాళ్లు లేకపోతే పాము, ఉంటే బల్లి" అని పిల్లలు తేల్చేస్తారు. కాళ్లు లేని బల్లులూ ఉన్నాయని చెప్పి వాళ్లను కాసేపు తికమక పడనివ్వండి. అలాంటి బల్లుల్లో చాలావాటికి కనురెప్పలు, చెవి రంధ్రాలు ఉంటాయి. పాముకు రెండూ లేవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. రెప్పలు ఒక్కటే చూస్తే మళ్లీ దెబ్బతింటాం, గోడ మీద బల్లికీ రెప్పలుండవు. నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. ఈ ముక్క విని నవ్వని పిల్లలు నాకింతవరకు తగల్లేదు.

గోడ మీది బల్లిని దూరం నుంచే చూపించండి. తోక పట్టుకుంటే అది తెగి చేతికొస్తుంది, మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది. తాబేలును ముట్టుకుంటే మాత్రం చేతులు సబ్బుతో కడిగించండి, వాటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు.

ఈ వారం అభ్యాసం మీకూ పిల్లలకూ కలిపి. మొసలి, బల్లి, పిచ్చుక కార్డులు మూడే తీసుకోండి. మొసలికి దగ్గరి చుట్టం ఎవరు? ఒక కార్డును దాని పక్కన పెట్టి, ఎందుకు పెట్టారో వెనుక పెన్సిల్‌తో రాసుకోండి. చెరపకండి, నాలుగో పాఠం ఆ కార్డుతోనే మొదలవుతుంది.