యూకేలో మొదటి చలికాలం: హీటర్ ఆన్ కావట్లేదా?

నేను వచ్చిన ఏడాది నవంబర్‌లో, ఊరు ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ ఫ్యాన్ హీటర్ కొన్నాను. గదికి తెచ్చి పెడితే ఉలుకూ పలుకూ లేదు, ఆయన్ని తిట్టుకుంటూ రెండు స్వెట్టర్లు వేసుకుని పడుకున్నాను. పాపం ఆయన తప్పేమీ లేదు. చాలా హీటర్ల అడుగున చిన్న బటన్ ఒకటి ఉంటుంది, అది నేలకు ఆని నొక్కుకుంటేనే పనిచేస్తుంది, హీటర్ పక్కకి పడిపోతే ఆగిపోవడానికి పెట్టిన ఏర్పాటు అది. మా గదిలో కార్పెట్ మరీ మెత్తన, బటన్ నొక్కుకోలేదు. పొద్దున వంటగది టైల్స్ మీద పెట్టగానే బుర్రుమని మొదలైంది.

కాబట్టి పాడైపోయిందని టెన్షన్ పడే ముందు ఇవి చూడండి. థర్మోస్టాట్ (ఎంత వేడి కావాలో పెట్టే నాబ్) తక్కువలో ఉంటే గది అప్పటికే ఆ మాత్రం వెచ్చగా ఉందనుకుని అది ఆన్ కాదు, టిక్ మనేదాకా తిప్పండి. అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. కాసేపు నడిచి ఆగిపోయిందంటే బాగా వేడెక్కి తనంతట తానే కట్ అయి ఉండొచ్చు, ప్లగ్గు తీసేసి అరగంట చల్లారనిచ్చి, గాలి పోయే చోట దుమ్ము ఉంటే దులపండి.

మనవాళ్లకి తట్టనిది ప్లగ్గులోని ఫ్యూజు. ఇక్కడ ప్రతి ప్లగ్గులోనూ ఒకటి ఉంటుంది. 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, అందుకే దానికి 13 ఆంప్స్ ఫ్యూజు కావాలి, ఎవరైనా 3 ఆంప్స్‌ది వేసి ఉంటే వెంటనే పోతుంది. కెటిల్ ప్లగ్గులోది కూడా మామూలుగా 13 ఆంప్సే, పరీక్షకి దాన్ని తీసి పెట్టి చూడొచ్చు (రెండు ప్లగ్గులూ సాకెట్ నుంచి బయటికి తీశాకే). ఇంటి దగ్గర ఫ్యూజు పోతే తీగ చుట్టేవాళ్లం కదా, ఇక్కడ ఆ తెలివి వద్దు. కొత్త ఫ్యూజు కూడా పోయిందంటే ఆ హీటర్‌ని వదిలేయండి.

ఇంట్లో సాకెట్లేవీ పనిచేయకపోతే మెట్ల కిందో తలుపు పక్కనో ఉండే ఫ్యూజు బాక్సులో స్విచ్ పడిపోయి ఉంటుంది. హీటర్ తీసేసి పైకి లేపండి, మళ్లీ హీటర్ పెట్టగానే పడిపోతే లోపం హీటర్‌దే, ఇంకోసారి ప్రయత్నించొద్దు. ప్రీపే మీటరైతే బ్యాలెన్స్ అయిపోయిందేమో కూడా చూసుకోండి, 2000 వాట్లంటే గంటకి 2 యూనిట్లు, తెలియకుండానే కరిగిపోతుంది. వీధంతా చీకటైతే, ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో 105కి ఫోన్ చేయండి, ఫ్రీ.

ఎక్స్‌టెన్షన్ బాక్సుకి మాత్రం హీటర్ పెట్టొద్దు, నేరుగా గోడ సాకెట్‌కే. మాడిన వాసన వచ్చినా, ప్లగ్గు నల్లబడినా అక్కడితో ఆపేయండి. యూనివర్సిటీ హాస్టళ్లు చాలావాటిలో సొంత హీటర్లకి అనుమతే ఉండదు, కొనేముందు అడగండి. ఇక గదిని వెచ్చబరచడానికి గోడకి బిగించి ఉండే రేడియేటర్ పనిచేయకే హీటర్ కొంటున్నారనుకోండి, ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకి దాన్ని బాగుచేయించాల్సింది ల్యాండ్‌లార్డే, 1985 నాటి చట్టంలోనే ఉంది. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి.