నీళ్లు పోస్తున్నా మొండి మొక్క వాడిపోతోందా? సమస్య - పరిష్కారం

స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్, కలబంద. మొక్కల పెంపకం కొత్త అన్నవాళ్లకీ, నీళ్లు పోయడం మరిచిపోయేవాళ్లకీ నేను ధైర్యంగా చెప్పేది ఈ అయిదే. జెడ్‌జెడ్ మట్టి కింద బంగాళాదుంపల్లాంటి దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది. స్పైడర్ ప్లాంట్ వేళ్లు లేత ముల్లంగుల్లా ఉబ్బి ఉంటాయి, వాటిలోనూ నీళ్లే. స్నేక్ ప్లాంటూ కలబందా ఎండ పూట ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరుస్తాయి, అందుకే వాటికి నీటి ఖర్చు తక్కువ. ఇన్ని ఏర్పాట్లున్న మొక్కలు కూడా ఇళ్లల్లో చచ్చిపోతూనే ఉన్నాయి. నేను చూసినంతలో వాటిని చంపేది మరుపు ఒక్కటే కాదు, మరిచిపోయామని గుర్తొచ్చిన రోజు కంగారుగా చేసే పనులు కూడా.

ఎవరైనా "ఆకులు వాడిపోతున్నాయి" అనగానే నేను అడిగే మొదటి మాట: కుండీ ఎత్తి చూశారా? దాదాపు ఎవరూ చూసి ఉండరు. ఆకుకి ఫొటోలు తీస్తారు, ఎరువు వేస్తారు, మందు కొడతారు, కుండీని ఈ గదిలోంచి ఆ గదిలోకి మారుస్తారు. ఎత్తి బరువు మాత్రం చూడరు. నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా, నీళ్లందక వేళ్లు ఎండినా పైన ఆకు ఒకేలా వాడుతుంది, ఎందుకంటే రెండు చోట్లా ఆకు దాకా నీళ్లు చేరడం లేదు. ఆకుని చూసి తేల్చుకోలేరు. బరువు చూస్తే చాలావరకు తేలిపోతుంది.

బరువు చూశాక ఒక సన్నటి పొడి కర్రపుల్ల తీసుకుని గుచ్చండి. కుండీ అంచున వద్దు, కాండానికి పక్కగా, అడుగు దాకా. దుంప తగిలితే పొడిచేయకుండా కాస్త పక్కకి జరపండి. అయిదు నిమిషాలు ఉంచి బయటికి తీస్తే లోపల ఎక్కడిదాకా తడి ఉందో పుల్ల మీదే కనిపిస్తుంది. ఈ రెండు పనులూ అయ్యేదాకా చెంబు ముట్టుకోవద్దు. కింద రాసినవన్నీ ఇవి చేశారన్న లెక్కతోనే.

కుండీ బరువుగా ఉంది, ఆకులు పసుపు తిరిగి మొదట్లో మెత్తబడ్డాయి

వేళ్లు కుళ్లుతున్నాయి. అందం కోసం కుండీని ఇంకో కుండీలో పెట్టి ఉంటే ముందు లోపలిది పైకి తీసి చూడండి. అడుగున రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండటం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. పైన మట్టి పొడిపొడిగా ఉంటుంది, కాబట్టి మళ్లీ పోస్తారు, అదీ కిందికే దిగి నిలుస్తుంది.

మొక్కని బయటికి తీసి మట్టి దులపండి. మంచి వేరు గట్టిగా ఉంటుంది. కుళ్లినదాన్ని చేతివేళ్లతో పట్టి లాగితే పైపొర జారి చేతికొస్తుంది, లోపల దారంలాంటి నార మిగులుతుంది. వాసన కూడా చెబుతుంది. మెత్తబడినవన్నీ శుభ్రమైన కత్తెరతో గట్టి భాగం తగిలేదాకా కోసేయండి. దుంపని గానీ స్నేక్ ప్లాంట్ మొదలుని గానీ కోయాల్సి వస్తే ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, అప్పుడు అడుగున రంధ్రం ఉన్న కుండీలో గుల్లగా ఉండే కొత్త మట్టి వేసి నాటండి. కుండీ మిగిలిన వేళ్లకి సరిపోయేంతే ఉండాలి. "మళ్లీ మళ్లీ మార్చడం ఎందుకు" అని పెద్ద కుండీలో పెడితే ఆ అదనపు మట్టిలోని తడిని పీల్చుకునే వేరుండదు, కథ మొదటికొస్తుంది.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది చాలామంది నమ్మకం. దిగవు. సన్నటి మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా కింది రాళ్లలోకి నీటిని వదలదు. తడి పేరుకునే చోటు రాళ్ల పైకి, అంటే వేళ్లకి ఇంకా దగ్గరికి వస్తుంది. రంధ్రం ఒక్కటే దారి.

నీళ్లు పోస్తూనే ఉన్నా ఆకులు ముడతలు పడుతున్నాయి, కుండీ తేలిగ్గా ఉంది

నన్ను బాగా దెబ్బతీసిన సమస్య ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఇంట్లో ఒక జెడ్‌జెడ్ ఉండేది. మూడు వారాలకోసారి నీళ్లు పోసేవాణ్ణి. పోసిన ప్రతిసారీ అడుగు నుంచి పళ్లెంలోకి నీళ్లు కారేవి, "నిండుగా తాగింది" అనుకుని పళ్లెం పారబోసేవాణ్ణి. కొన్నాళ్లకి కాడల మీద నిలువు ముడతలు వచ్చాయి. కింది ఆకులు పసుపు తిరిగి ఒక్కొక్కటే రాలడం మొదలైంది. వేలు పెట్టి చూస్తే అంచున మట్టి తడిగానే తగిలింది. నీళ్లు ఎక్కువయ్యాయని తేల్చేసుకుని రెండు నెలలు పోయడమే మానేశాను. మరో రెండు కాడలు పడిపోయాయి.

చివరికి బయటికి తీశాను. చుట్టూ అంగుళం మందాన నేను వేసిన మట్టి. మధ్యలో, నర్సరీ నుంచి వచ్చినప్పటి ముద్ద అలాగే ఉంది. గోధుమ రంగులో, బెండు ముక్కంత తేలిగ్గా. దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు వేస్తే తామరాకు మీద నీటిబొట్టులా నిలిచి, దొర్లి పక్కకి జారిపోయాయి. లోపలి దుంపలు వడలిన బంగాళాదుంపల్లా ముడుచుకుపోయాయి. నేను పోసిన నీళ్లు అన్ని నెలలుగా ఆ ముద్దని చుట్టుకుని కిందికి పోతున్నాయి. నడుమ ఉన్న వేళ్లకి చుక్క కూడా అందలేదు. ఆ మొక్క ముందు కూర్చుని చాలా బాధపడ్డాను, ఎందుకంటే నేను మరిచిపోలేదు, క్రమం తప్పకుండా పోశాను.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, నర్సరీల్లో ఇంటి మొక్కల్ని చాలావరకు మామూలు మట్టిలో పెంచరు. పీట్ (చిత్తడి నేలల్లో నాచు చివికి ఏర్పడేది), కొబ్బరి పొట్టు లాంటి తేలికపాటి మిశ్రమంలో పెంచుతారు, మోసుకెళ్లడానికి బరువుండదు, వేరు త్వరగా సాగుతుంది. పీట్ తడిగా ఉన్నంతకాలం స్పాంజిలా నీటిని పట్టుకుంటుంది. ఒక్కసారి పూర్తిగా ఎండితే నీటిని దగ్గరికి రానివ్వదు, పైగా కుంచించుకుపోతుంది. కొబ్బరి పొట్టు అంత మొండికేయదు, కానీ అదీ ఎండితే కుంచించుకుని కుండీ గోడని వదిలేస్తుంది. ఆ సన్నటి సందు చాలు, పోసిన నీళ్లన్నీ అందులోంచే జారిపోతాయి. అడుగున నీళ్లు కారాయంటే మొక్క తాగిందని అర్థం కాదు. పోయగానే క్షణాల్లో కారితే తాగలేదనే అనుమానించాలి.

ఈ ముద్దని అలాగే తెచ్చి వేరే మట్టిలో నాటితే ఇంకో చిక్కు. బయటి సన్న మట్టి తడిని గట్టిగా పట్టుకుంటుంది, గుల్లగా ఎండిపోయిన లోపలి ముద్ద దాన్ని లాక్కోలేదు. అంచున వేలు పెడితే తడి, నడుమ ఎడారి. పుల్లని కాండం పక్కనే గుచ్చమన్నది ఇందుకే. కొన్ని మొక్కలకి ఇంకా లోపల, వేళ్ల నడి మధ్యలో చిన్న వలగుడ్డ సంచి ఉంటుంది, కొమ్మ నాటి మొలిపించినప్పటిది. పాత మొక్క కదా, ఇప్పుడేం ఉంటుందిలే అనుకోకండి. కొన్ని రకాల గుడ్డ ఏళ్లు గడిచినా చివికిపోదు.

ఇక బాగుచేసే పద్ధతి. పైనుంచి ఎంత పోసినా లాభం లేదు, కిందినుంచి నానబెట్టాలి. బకెట్లోనో టబ్బులోనో గది వేడిమిలో ఉన్న నీళ్లు పోసి, కుండీ అంచుకి కాస్త కింది దాకా నీళ్లు వచ్చేలా లోపల పెట్టండి. ముద్ద బాగా ఎండి ఉంటే కుండీ తేలుతుంది, చేత్తో అదిమిపట్టండి, లేదా పక్కన ఏదైనా బరువు ఆనించండి. బుడగలు రావడం మొదలవుతుంది. అవి ఆగేదాకా కదపొద్దు. అరగంట పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. పై మట్టి కూడా తడిసి రంగు మారాక తీసి, నీళ్లన్నీ కారిపోయేదాకా వంచి ఉంచండి. ఇప్పుడు మళ్లీ ఎత్తి చూడండి. ఆ బరువు మీ చేతికి గుర్తుండిపోవాలి, ఇకమీద మీ కొలత అదే. అప్పటికీ నడుమ పుల్ల పొడిగానే వస్తే, లీటరు నీళ్లకి గిన్నెలు తోమే ద్రవం ఒకటి రెండు చుక్కలు కలిపి ఇంకోసారి నానబెట్టండి. ఆ చుక్కలు నీళ్లని ముద్దకి అంటుకునేలా చేస్తాయి. అంతకు మించి కలపొద్దు.

నానాక ముద్ద మెత్తగా ఉన్నప్పుడే చుట్టూ వేళ్లని నెమ్మదిగా విడదీయండి. వలగుడ్డ దొరికితే కత్తిరించి తీయండి. ఎండుగా ఉన్నప్పుడు లాగితే వేళ్లు తెగుతాయి. తరవాత అంతా ఒకే రకం మట్టిలో నాటండి. ఎరువు వద్దు, కొత్త చిగురు వచ్చేదాకా ఆగండి. మనీ ప్లాంట్ ఒకటి రెండు రోజుల్లో తలెత్తుతుంది. స్నేక్ ప్లాంటూ జెడ్‌జెడ్డూ తీరిగ్గా కోలుకుంటాయి, ముడతలు విప్పుకోవడానికి వారాలు పడుతుంది, ఈలోపు టెన్షన్ పడి మళ్లీ మళ్లీ పోయకండి. పసుపు తిరిగిన ఆకు మాత్రం మళ్లీ ఆకుపచ్చగా మారదు.

మళ్లీ మరిచిపోతారు, అది సహజం. బాగా ఎండిపోయాక గుర్తొస్తే ఒకేసారి కుమ్మరించకండి. ముందు అర గ్లాసు పోసి పావుగంట ఆగండి, మట్టి కాస్త మెత్తబడి సందు పూడుతుంది, అప్పుడు మిగతాది పోయండి. నా జెడ్‌జెడ్ ఇలాగే బతికింది. మూడో నెలలో మట్టిని చీల్చుకుని పెన్సిల్ మొనలాంటి కొత్త కాడ వచ్చింది.

తీగ సాగుతోంది కానీ ఆకులు చిన్నవి, దూరదూరంగా వస్తున్నాయి

వెలుతురు చాలదు. "నీడలో పెరుగుతుంది" అంటే నీడలో చావకుండా ఉంటుందని, అంతే. కిటికీ దగ్గరికి జరపండి, సాగిన తీగని కణుపు కింద కత్తిరించి అదే కుండీలో గుచ్చండి. కలబంద, స్నేక్ ప్లాంట్ అయితే ఒక్కసారే మండే ఎండలో పెట్టకుండా కొన్ని రోజులు అలవాటు చేయండి, లేకపోతే ఆకు మాడి మచ్చలు పడతాయి.

స్పైడర్ ప్లాంట్ ఆకు కొసలు గోధుమ రంగుకి మారుతున్నాయి

నీళ్లలోని, ఎరువులోని లవణాలు పేరుకోవడం వల్లే ఎక్కువగా వస్తుంది. ఫ్లోరైడ్ ఈ మొక్కకి అసలు పడదు. వర్షపు నీళ్లు దొరికితే అవే పోయండి, లేదా అప్పుడప్పుడు కుండీ నిండా మంచినీళ్లు పోసి అడుగు నుంచి పూర్తిగా పోనివ్వండి. మొక్కకి ప్రమాదమేమీ లేదు.

మట్టి మీద చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే పైన రెండంగుళాలు ఎండనివ్వండి, వాటి పిల్లలు ఆ తడిలోనే బతుకుతాయి. ఆకు మొదట్లో తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే పిండినల్లి, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి వారం తరవాత మళ్లీ చూడండి. వైరస్ తెగుళ్లు, ఖనిజ లోపాలు అంటూ వెతుక్కోవద్దు, ఈ మొక్కల్లో అవి అరుదు.

మొదలు పూర్తిగా పోయింది, పైన కొన్ని ఆకులు బాగున్నాయి

పారేయకండి. మనీ ప్లాంట్ తీగని కణుపు నీళ్లలో మునిగేలా సీసాలో పెడితే వేళ్లు వస్తాయి. జెడ్‌జెడ్ అయితే ఒక్క చిట్టి ఆకు గుచ్చినా కింద దుంప కడుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. స్నేక్ ప్లాంట్ ఆకుని నాలుగంగుళాల ముక్కలుగా కోసి, ఆరనిచ్చి నాటండి, ఏ వైపు కిందిదో పెన్నుతో గుర్తు పెట్టుకోండి, తలకిందులుగా గుచ్చితే వేళ్లు రావు. పసుపు అంచు ఉన్న రకమైతే ఆకు ముక్క నుంచి వచ్చే పిల్లకి ఆ అంచు ఉండదు. అంచు కావాలంటే మొదట్లో కాస్త దుంప మిగిలిందేమో వెతకండి, మిగిలితే దాన్నే వేరుచేసి నాటండి.