మ్యాప్ మీద ఊరూరి వాన గీత: చిట్టి స్పార్క్‌లైన్లు గీయడం ఎలా?

2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. పక్కనే భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. ఈ రెండు అంకెలూ అప్పట్లో అందరి ఫోన్లలో తిరిగాయి. అయితే అంతకుముందు మృగశిర, ఆరుద్ర కార్తెల్లో అక్కడ ఎంత తడిసింది, ఆ తర్వాత ఆగస్టులో మబ్బు మొహం చాటేసిందా అన్నది ఆ అంకెల్లో దొరకదు. దేశం మొత్తం మీద చూస్తే 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదు మరి. ఒక ఊరి వానాకాలం తెలియాలంటే అంకె చాలదు, గీత కావాలి. ఆ గీతను గోరంత చేసి మ్యాప్ మీద ఆ ఊరున్న చోటే పెడితే, ఏ ఊరికి ఎప్పుడు పడిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఇలా గీత మొత్తాన్ని ఒకే విలువగా చూడటాన్ని స్టాటిస్టిక్స్‌లో ఫంక్షనల్ డేటా అంటారు. చిట్టి గీతకు స్పార్క్‌లైన్ అన్న పేరు పెట్టింది డేటా బొమ్మల నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ. ఎక్సెల్‌లో 2010 వెర్షన్ నుంచే స్పార్క్‌లైన్లున్నాయి కానీ అవి గడి దాటి బయటికి రావు. మ్యాప్ మీదికి రావాలంటే లెక్క మనమే కట్టుకోవాలి. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు వస్తే చాలు.

ముందు డేటా

మండలాల వారీగా రోజువారీ వాన లెక్కలు తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో దొరుకుతాయి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు 122 రోజులు తీసుకోండి. షీట్‌లో ఒక్కో వరుసకు మండలం, రేఖాంశం, అక్షాంశం, రోజు సంఖ్య, ఆ రోజు వాన ఉండాలి. మొదటిసారికి పది పన్నెండు చోట్లు చాలు: ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, నిజామాబాద్, ఇలా దూరదూరంగా ఉన్నవి.

ఒక మెలిక ఉంది. వాతావరణ శాఖ లెక్కలో రోజంటే ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాటి ఉదయం ఎనిమిదిన్నర దాకా. 27వ తేదీ అంకెలో 26 రాత్రి వాన కూడా ఉంటుంది. రెండు చోట్ల నుంచి డేటా తెస్తే తేదీలు ఒక రోజు అటూ ఇటూ అయ్యాయేమో చూసుకోండి.

ఖాళీ గడిలో సున్నా పెట్టొద్దు. లెక్క అందకపోవడం వేరు, వాన పడకపోవడం వేరు. సున్నా పెడితే గీత బల్లపరుపుగా సాగి, లేని కరువును చూపిస్తుంది.

రోజు వాన కాదు, కూడుతూ పోయిన వాన

రోజువారీ వాననే గీస్తే సూదుల వరుసలా వస్తుంది. చిన్న సైజులో కంటికి ఏమీ ఆనదు. అందుకే జూన్ 1 నుంచి ఆ రోజు దాకా పడిన మొత్తాన్ని గీయండి. గీత ఎప్పుడూ కిందికి దిగదు. వాన బాగా పడితే నిటారుగా లేస్తుంది, పడకపోతే అడ్డంగా సాగుతుంది. జులై చివరి వాన గోడలా లేచి, ఆ తర్వాతి పొడి రోజులు చదునుగా సాగడం దీనిలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

రెండు లెక్కలు

గీతకు మ్యాప్ మీద వెడల్పు 0.3 డిగ్రీలు, ఎత్తు 0.2 డిగ్రీలు అనుకుందాం. మన అక్షాంశం దగ్గర 0.3 డిగ్రీలంటే అడ్డంగా సుమారు 32 కిలోమీటర్లు.

అడ్డం లెక్క: రోజు సంఖ్యలోంచి 1 తీసి 121తో భాగించండి. జూన్ 1కి 0, సెప్టెంబరు 30కి 1 వస్తుంది. దానిలోంచి 0.5 తీసేసి, 0.3తో గుణించి, రేఖాంశానికి కలపండి.

నిలువు లెక్క: కూడిన వానను గరిష్ఠ విలువతో భాగించండి (ఆ గరిష్ఠం ఎవరిదో కింద చూద్దాం). 0.5 తీసేసి, 0.2తో గుణించి, అక్షాంశానికి కలపండి.

ములుగు రేఖాంశం 79.94, అక్షాంశం 18.19. జులై 27 అంటే 57వ రోజు. 56ను 121తో భాగిస్తే 0.463. అడ్డం విలువ 79.929 అవుతుంది. గరిష్ఠం 2000 అని, అప్పటికి పడింది 1500 అని మాట వరసకు అనుకుంటే నిలువు విలువ 18.24. ఇక ఈ సూత్రాన్ని కిందికి లాగితే మిగతావన్నీ షీటే నింపుకుంటుంది.

ఈ రెండు కొత్త నిలువు వరుసలతో స్కాటర్ చార్ట్ పెట్టి, చుక్కలు తీసేసి గీతలు మాత్రం ఉంచండి. ఒక ఊరి లెక్క అయిపోయాక ఒక వరుస పూర్తిగా ఖాళీగా వదలండి. లేకపోతే ములుగు గీత చివర నుంచి ఆదిలాబాద్ దాకా ఒక పొడవాటి గీత పోతుంది. నేను అరగంట తల పట్టుకున్నది దీనికే.

గరిష్ఠం ఎవరిది?

అసలు నిర్ణయం ఇక్కడుంది. నిలువు లెక్కలో భాగించే ఆ గరిష్ఠం అన్ని ఊళ్ళకూ ఒకటేనా, ఏ ఊరికి ఆ ఊరిదేనా?

అందరికీ ఒకటే పెడితే ఎక్కడ ఎంత పడిందో పోల్చవచ్చు. తక్కువ వాన పడిన ఊరి గీత పొట్టిగా ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఒక్క ఊరు మిగతావాటిని నేలకు అణగదొక్కే ప్రమాదముంది. రోజువారీ వానకైతే మరీ ఘోరం: 649.8కి 20 మిల్లీమీటర్ల ఎత్తు ఇస్తే, పైరుకు ప్రాణం పోసే 30 మిల్లీమీటర్ల వానకు కాగితం మీద ఒక మిల్లీమీటరు కూడా దక్కదు.

ఏ ఊరి గరిష్ఠం ఆ ఊరికే పెడితే అన్ని గీతలూ ఒకే ఎత్తుకు చేరతాయి. వాన ఎప్పుడు పడిందో చక్కగా తెలుస్తుంది, ఎంత పడిందో మాత్రం పూర్తిగా మాయమవుతుంది. చూసేవాళ్ళు రెండు ఊళ్ళలో సమానంగా పడిందనుకుంటారు.

నేనైతే మొదటి మ్యాప్ ఒకే కొలతతో గీస్తాను. రెండోది ఊరి కొలతతో గీసి, పైన 'ఎత్తులు పోల్చకండి' అని రాస్తాను. రెండింటినీ ఒకే మ్యాప్‌లో కలపాలని మాత్రం చూడొద్దు.

ట్రైసిటీ చిక్కు

హనుమకొండ, వరంగల్ మధ్య రేఖాంశం తేడా సుమారు 0.03 డిగ్రీలే. మన గీత వెడల్పు దానికి పది రెట్లు. కాజీపేట కూడా కలిపితే (ఈ మూడూ కలిసిందే ట్రైసిటీ) వరంగల్ కొత్తవాడ మగ్గం దగ్గర చిక్కుపడ్డ నూలే. గీతలను కుదించి లాభం లేదు, మిగతా ఊళ్ళవి కనబడకుండా పోతాయి. మూడింట్లో ఒకటే ఉంచండి. తప్పదనుకుంటే రెండోదాన్ని పక్క ఖాళీలోకి జరిపి, అసలు చోటికి సన్నని బూడిదరంగు గీత కలపండి.

ప్రతి గీత కింద మట్టానికి, అంటే సున్నా దగ్గర, ఒక లేత అడ్డగీత కూడా వేయండి. అది లేకపోతే గీత ఎక్కణ్ణుంచి లేచిందో తెలియదు.

స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్ళకు ఇంత శ్రమ అక్కర్లేదు. టైడీఫన్ ప్యాకేజీలో జియోమ్ కాపెల్లిని అన్నది ఈ పనికే ఉంది. సన్న సేమ్యాలాంటి ఇటాలియన్ పాస్తా పేరది. జీజీఅల్లీ అనే ఇంకో ప్యాకేజీలో గ్లిఫ్స్ అనే ఫంక్షన్ కూడా ఇదే లెక్క కడుతుంది. అయినా ఒకసారి షీట్‌లో చేతితో చేసి చూస్తే, గరిష్ఠం విషయంలో అవి మీ తరఫున ఏం నిర్ణయిస్తున్నాయో పట్టుకోగలుగుతారు.

చివరిగా మ్యాప్ మూలన ఒక గీతను నాలుగింతలు పెద్దదిగా గీసి, దాని మీద జూన్ 1, సెప్టెంబరు 30, సున్నా, గరిష్ఠం రాయండి. ప్రింటు తీసి, ఏమీ చెప్పకుండా ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. ములుగు దగ్గర వేలు పెట్టి "ఈ గోడ ఏ రోజుది?" అని అడిగారంటే గీత పని చేసినట్టే. ఆ మూల బొమ్మలో జులై 27 దగ్గర మాత్రం ఇంకో చిన్న గుర్తు పెట్టండి.