ఫొటో చూసి బొమ్మ వేసి అమ్మేవాళ్లకు

గండికోట లోయను ఎవరైనా గీయొచ్చు. కానీ ఇన్‌స్టాలో కనిపించిన ఫొటోను ముందు పెట్టుకుని అదే కోణం, అదే వెలుగు, అదే ఫ్రేము కాన్వాసు మీదికి దించి అమ్మితే చిక్కే. 1957 కాపీరైట్ చట్టంలో ఫొటో కూడా కళాకృతే. తీసినవాళ్లు బతికున్నంత కాలం, వాళ్లు పోయాక మరుసటి ఏడాది మొదలు ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రంగులు మార్చాను, కుడిఎడమలు తిప్పాను, కింద ఫొటోగ్రాఫర్ పేరు వేశాను అంటే సరిపోదు. ఇంట్లో చేయి తిరగడానికి వేసుకునేది వేరే సంగతి.

నేనైతే కడప నుంచి జమ్మలమడుగు మీదుగా పోయి, ఫోన్‌తోనే సొంతంగా ఇరవై ముప్పై ఫొటోలు తీసుకుంటా. పోలేకపోతే ఫొటోగ్రాఫర్‌కే మెసేజ్ పెడతా: "అన్నా, మీ ఫొటో చూసి పెయింటింగ్ వేసి అమ్ముకోవచ్చా? ప్రింట్లు కూడా తీయొచ్చా?" ప్రింట్ల మాట మరిచిపోకండి, పేచీ ఎక్కువగా వచ్చేది అక్కడే. జవాబు స్క్రీన్‌షాట్ దాచుకోండి.

ఇంకొకటి, మనలో చాలామంది గమనించనిది: డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. ఎవరైనా పెళ్లి ఫొటో తెచ్చి బొమ్మ వేయమంటే, ఎవరు తీయించారో, స్టూడియోతో ఏమైనా రాసుకున్నారో అడిగాకే అడ్వాన్స్ తీసుకోండి.