వంటగట్టుకు బండ ఎంచుకునే పద్ధతి: నాపరాయి ఎక్కడ, గ్రానైట్ ఎక్కడ

కర్నూలు, నంద్యాల, తాడిపత్రి, జమ్మలమడుగు ప్రాంతాల్లో ఇల్లు కట్టుకునేవారికి బండల విషయంలో ఒక నిశ్చింత ఉంటుంది. గనులు మన పక్కనే ఉన్నాయి, పాలిష్ ఫ్యాక్టరీలు మనం రోజూ తిరిగే దారిలోనే ఉన్నాయి, కాబట్టి కంటికి నచ్చిన బండను చూసుకుని ట్రాక్టరులో వేసుకుని వస్తే సరిపోతుందని అనుకుంటాం. కర్నూలులో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు అలాగే నల్లగా నిగనిగలాడే నాపరాయిని తెచ్చి వంటగట్టు మీద పరిపించుకున్నాం. ఏడాది తిరగకముందే పొయ్యికి కుడిపక్కన, చింతపండు నానబెట్టిన గిన్నె రోజూ పెట్టే చోట, అరచేతి మేర మెరుపు పోయి బూడిదరంగు మచ్చ ఏర్పడింది. ఎంత తోమినా అది పోలేదు. అది పైన అంటిన మరక అయితే పోయేదే, కానీ అక్కడ రాయి పైపొరే కరిగిపోయింది. కొన్నేళ్ల తరువాత గట్టును మళ్లీ వేయించినప్పుడు మేము పాటించిన పద్ధతిని, బండ కొనే ముందు తెలుసుకుని ఉండవలసిన సంగతులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఎదురుగా ఉన్న రాయి ఏ జాతిదో తెలియాలి. మనం నాపరాయి అనీ, బేతంచర్ల బండ అనీ, బయటి రాష్ట్రాలవారు కడప రాయి అనీ పిలిచేది సున్నపురాయి. భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అని పేరు పెట్టిన ఈ రాయి పలకలు పలకలుగా పొరలు కట్టి ఉంటుంది. ఆ పొరల వెంట లేపగలగడం వల్లే గనుల్లో దీనిని పెద్ద యంత్రాలు లేని రోజుల్లో కూడా బండలుగా తీయగలిగారు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలసినదీ సున్నపురాయి దొరుకుతున్నందుకే. ఇందులో ప్రధానమైన పదార్థం కాల్షియం కార్బొనేట్, దానికి పులుపు పడదు. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు చూసినవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిపాటి ఆమ్లగుణం పొందిన నీరు యుగాల తరబడి ఈ రాతిని తొలుస్తూ పోవడం వల్లనే 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలు ఏర్పడ్డాయి. చింతపండు పులుసు, నిమ్మరసం ఆ నీటికంటే ఎన్నో రెట్లు పుల్లనివి కాబట్టి, మెరుగు పెట్టిన నాపరాతి మీద వాటికి యుగాలు అక్కరలేదు, కొన్ని నిమిషాలు చాలు. పాలరాయిది కూడా ఇదే గుణం. ఎంత ఖరీదైనదైనా అది కరిగే రాయే.

గ్రానైట్ వేరు. అది కరిగిన శిలాద్రవం భూమి లోపల నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి. అందులో ఉండే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు వంటింటి పులుపుకు లొంగవు. బంగారు చుక్కలతో మెరిసే బ్లాక్ గెలాక్సీ ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వస్తుంది. గోధుమ రంగు టాన్ బ్రౌన్ కరీంనగర్ వైపు నుంచి వస్తుంది. శాస్త్రం ప్రకారం చూస్తే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ జాతిది కాదు, గాబ్రో అనే వేరే రాతి జాతిది. అయినా పులుపును, గీతలను తట్టుకోవడంలో అది మన పనికి గ్రానైట్‌తో సమానమే కాబట్టి దుకాణంలో ఆ పేరుతోనే అడగవచ్చు. గట్టిదనంలో తేడా కూడా చిన్నది కాదు. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా సూచించే మోస్ కొలమానం మీద సున్నపురాతిలోని కాల్సైట్ 3 దగ్గర, ఉక్కు కత్తి సుమారు 5.5 దగ్గర, ఫెల్డ్‌స్పార్ 6 దగ్గర, క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటాయి. అంటే కూరగాయలు తరిగే కత్తి జారితే నాపరాతి మీద తెల్లని గీత పడుతుంది, గ్రానైట్ మీద పడదు. క్వార్ట్జ్ స్లాబ్ అని విడిగా అమ్మేది మాత్రం రాతిపొడిని రెసిన్ అనే జిగురుతో కలిపి అచ్చుపోసినది. దించిన కుండను నేరుగా పెడితే ఆ రెసిన్ కమిలిపోతుంది కాబట్టి, ఈ వ్యాసంలో దానిని పక్కన పెడుతున్నాను.

ఇక తేల్చుకోవలసింది మీ గట్టు మీద రోజూ ఏమి పడుతుందన్నదే. మన ఇళ్లలో పప్పులోకి చింతపండు, ఉగ్గాని మీద పిండే నిమ్మకాయ, చారు, పుల్లమజ్జిగ లేని రోజు ఉండదు. ఇంట్లో పదిమందికి వంట జరుగుతూ, గట్టు మీద ఒలికినదాన్ని వెంటనే తుడిచే తీరిక లేనప్పుడు పైన గ్రానైట్ వేయించుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. అంత మాత్రాన నాపరాయిని వంటగది నుంచి పూర్తిగా తప్పించమని నేను చెప్పడం లేదు. గట్టు కింద నిలువుగా నిలబెట్టే అడ్డపలకలకు, డబ్బాలు పెట్టుకునే అరలకు, గ్రానైట్ కింద పరిచే ఆధారపు బండకు అంగుళం మందం నాపరాయిని మించినది నాకు కనిపించలేదు. అది నీటికి ఉబ్బదు, చెదపురుగుకు చిక్కదు, ధరలోనూ భారం కాదు. జొన్నరొట్టె తట్టడానికి ప్రత్యేకంగా ఒక చిన్న నాపరాతి పలకను ఉంచుకునే అలవాటు మా అవ్వ కాలం నుంచి మా ఇంట్లో ఉంది, దాని మీద పులుపు పడనివ్వం కాబట్టి అది ఈనాటికీ నున్నగానే ఉంది. గట్టు పైన కూడా నాపరాయే కావాలనుకునేవారు అద్దంలాంటి పాలిష్ జోలికి పోకుండా, మెరుపు తక్కువగా ఉండే మెరుగును ఎంచుకుంటే మచ్చలు అంతగా బయటపడవు. నాపరాయిని ఇంట్లోనే యంత్రంతో మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు, గ్రానైట్‌కు ఆ పని అంత తేలిక కాదు.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక నిమ్మకాయ, నీళ్ల సీసా, చిన్న చాకు, కొద్దిగా వేరుశెనగ నూనె, గోళ్ల రంగు తుడిచే అసిటోన్, తెల్లటి గుడ్డ వెంట తీసుకువెళ్లండి. మొత్తం బండ మీద పరీక్షలు చేయనివ్వరు, చేయడం న్యాయమూ కాదు. అదే బండ నుంచి విరిగిన ముక్కను అడిగి తీసుకోండి. నిమ్మచెక్కను ముక్క మెరుగువైపు బోర్లించి, పదిహేను నిమిషాల తరువాత కడిగి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, సున్నపు జాతి రాయి అయితే చెక్క ఉన్నంత మేర వలయంలాగా మెరుపు చచ్చి కనిపిస్తుంది. ముక్క మూలన చాకుతో గీస్తే అదే సంగతి రెండోసారి రుజువవుతుంది. వేరొక చోట నీటి బొట్టు, ఇంకొక చోట నూనె బొట్టు వేసి వదిలేయండి. పావుగంటలోపు నీటిబొట్టు కింద రాయి నల్లబడితే అది నీటిని పీల్చే రాయి. అటువంటి లేత రంగు గ్రానైట్ మీద పసుపు, నూనె మరకలు లోపలికి దిగుతాయి కాబట్టి, రాతి సందులను మూసే సీలర్ అనే పూత పూయించుకుని ఏడాదికొకసారి ఇదే నీటిబొట్టు పరీక్షతో దాని పనితనాన్ని చూసుకోవడానికి సిద్ధపడితేనే దాన్ని కొనాలి. నల్ల రాళ్లకు అసిటోన్ పరీక్ష తప్పనిసరి. గుడ్డను అందులో తడిపి గట్టిగా రుద్దినప్పుడు గుడ్డకు నలుపు అంటితే ఆ నలుపు రాతిది కాదు, పైన పట్టించిన రంగుది. నాపరాతికి నలుపు రావడానికి నూనె పట్టించడం కూడా ఉంది, రెండుమూడు సార్లు సబ్బునీటితో కడిగితే దాని అసలు రంగు బయటపడుతుంది.

పగుళ్లు చూడడానికి బండను తప్పకుండా ఎండలోకి తీయించండి. ట్యూబులైటు కింద నల్ల బండలన్నీ ఒకేలా కనిపిస్తాయి. బండ మీద నీళ్లు పోసి ఆరనివ్వాలి. చుట్టూ ఆరిపోయినా ఒక సన్నని గీత మాత్రం తడిగా మిగిలితే అక్కడ జుట్టుపగులు ఉన్నట్టు లెక్క. రాతిలో పుట్టుకతో వచ్చిన చార కూడా గీతలాగే కనిపిస్తుంది, కానీ దాని మీద గోరు జార్చితే తగలదు, పగులు తగులుతుంది. బండను నిలబెట్టి ఒక నాణెంతో అక్కడక్కడా తట్టినప్పుడు ఖంగుమని మోగాలి, ఎక్కడైనా గుల్లగా, మూగగా పలికితే అక్కడ లోపల పగులో, పొర విడిపోవడమో ఉంటుంది. నాపరాతిలో ఈ పొర విడిపోయే జబ్బు ఎక్కువ కాబట్టి అంచులను పక్కనుంచి తప్పక చూడాలి. గ్రానైట్ బండ వెనుకవైపు వలలాంటి నెట్ అంటించి ఉంటే, ఆ రాయి బలహీనంగా ఉన్నందువల్లనే దానికి ఆ ఆసరా ఇచ్చారని గ్రహించి, సింకుకు కోత పెట్టే భాగానికి అటువంటి బండను వాడకుండా ఉండడం మంచిది.

రంగు మీ ఇష్టం, కానీ నీటి సంగతి మరిచిపోవద్దు. అనంతపురం, కడప జిల్లాల్లో చాలా ఇళ్లలో వాడేది బోరునీరు. అది ఆరిన చోటల్లా తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది, మెరిసే నల్ల బండ మీద అది దూరం నుంచే కనిపిస్తుంది. ఆ పొరలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్ కావడం వల్ల గ్రానైట్ మీద పడితే నిమ్మరసంతో తుడిచి తీసివేయవచ్చు. నాపరాతి మీద అలా చేయడానికి లేదు, ఎందుకంటే పైన ఉన్న పొర, కింద ఉన్న రాయి ఒకే పదార్థం కాబట్టి నిమ్మరసం రెండింటినీ తింటుంది. బోరునీరు తప్ప గతిలేని ఇంట్లో చుక్కలు, గింజలు కలిసిన మధ్యస్థపు రంగు గ్రానైట్ తుడిచే చేతికి ఎంతో శ్రమ తగ్గిస్తుంది.

కొలతలు ఇంట్లోనే వేసుకుని వెళ్లాలి. ఎల్ ఆకారపు గట్టుకు ఒక గోడ 10 అడుగులు, ఇంకొక గోడ 7 అడుగులు, వెడల్పు 2 అడుగులు అనుకుందాం. మూలను ఒకసారే లెక్కిస్తే మొదటి చేయి 20 చదరపు అడుగులు, రెండవది 10 చదరపు అడుగులు, మొత్తం 30. గోడ వెంట 4 అంగుళాల పట్టీ వేస్తే ఇంకొక 6 దాకా, ముందు అంచును మందంగా చూపించడానికి కింద అతికించే 2 అంగుళాల పట్టీకి 2 పైచిలుకు కలిసి దాదాపు 38 చదరపు అడుగులు అవుతుంది. అంచు ఒక అంగుళం ముందుకు రావాలి కాబట్టి బండ వెడల్పు కనీసం 25 అంగుళాలైనా ఉండాలి. 2 నుంచి 3 అడుగుల వెడల్పులో వచ్చే కట్టర్ స్లాబులు ఈ పనికి సరిపోతాయి, పెద్ద రంపపు యంత్రంతో కోసే గ్యాంగ్‌సా స్లాబు తీసుకుంటే మిగిలే ముక్కలకు కూడా డబ్బు కట్టవలసి వస్తుంది. విరిగిన మూలలను కొలతలో కలుపుతున్నారో లేదో మీ టేపుతో మీరే చూసుకోండి. మందం 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి, 16 కంటే తగ్గితే ఒప్పుకోవద్దు. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. పైన చెప్పిన గట్టుకు 150 కిలోల బరువు మోయగల ఆధారం కావాలి కాబట్టి కింది నాపరాతి పలకలను మూడడుగులకు మించిన ఎడం లేకుండా నిలబెట్టించాలి. బండలన్నీ ఒకే లాట్ నుంచి, వీలైతే వరుస నంబర్లలో తీసుకోండి. తరువాత ఒక ముక్క తక్కువైతే అదే రంగు దొరకదు.

కోత విషయంలో మేస్త్రీతో ముందే మాట్లాడుకోవలసినది ఒకటుంది. సింకుకు, పొయ్యికి పెట్టే కోతల మూలలు పదునైన లంబకోణంగా ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. ముందుగా నాలుగు మూలలా గుండ్రటి రంధ్రం వేసి, ఆ రంధ్రాలను కలుపుతూ కోయమని చెప్పాలి. సింకుకు ముందు వైపు కనీసం 3 అంగుళాల రాయి మిగలాలి. రెండు బండల అతుకు సింకు దగ్గర గాని, పొయ్యి కింద గాని రాకూడదు.

పరిచేటప్పుడు కింద ఎక్కడా గాలి మిగలకుండా సున్నితంగా తట్టి చూడమనండి. గుల్లగా ఉన్న చోట చిన్నరోలు పెట్టి వెల్లుల్లి దంచినా ఎంతటి గ్రానైటైనా చీలుతుంది. లేత రంగు రాళ్లకు మామూలు సిమెంటు మరక పైకి పొడుచుకు వస్తుంది కాబట్టి తెల్ల సిమెంటు గాని, రాతి కోసం తయారుచేసిన అంటు గాని వాడాలి. గట్టు వాలు కంటికి కనిపించనంత మాత్రం సింకు వైపు ఉంటే చాలు.

పని ముగిసిన రోజు అక్కడే ఉండండి. సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ కలిపిన నీళ్లతో కడిగే అలవాటు బండపరుపు పనిచేసేవారిలో ఉంది. గ్రానైట్ అతుకుల్లోని సిమెంటును ఆ యాసిడ్ తినేస్తుంది. కింద అరల్లోని నాపరాతి మీద, నేల మీద పరిచిన బేతంచర్ల బండల మీద చిందితే బుడగలు పొంగి, ఒక్క నిమిషంలో పాలిష్ పోతుంది. మా ఇంట్లో రెండోసారి గట్టు వేయించినప్పుడు యాసిడ్ సీసాను లోపలికి తేనివ్వలేదు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిపించి, ఎండిన చుక్కలను చెక్కపుల్లతో గీకి, సబ్బునీళ్లతో కడిగించాం. అరల్లో నాపరాయి ఈనాటికీ మొదటి రోజు నలుపుతోనే ఉంది.