ఇల్లు మారాక యాంప్లిఫయర్‌కు ఎర్త్ సరిచేయించుకున్న తీరు

కాజీపేట నుండి హనుమకొండలోని ఒక పాత ఇంటికి మారిన రోజే, సామాను పూర్తిగా సర్దకముందే, యాంప్లిఫయర్ ప్లగ్గు పెట్టాను. స్పీకర్లలో ఆగకుండా గుయ్యిమనే మోత వచ్చింది. వాల్యూమ్ తగ్గించినా తగ్గలేదు. రేకు పెట్టెను తాకితే వేళ్లు జివ్వుమన్నాయి, టెస్టర్ ఆనిస్తే అందులో దీపం వెలిగింది.

వెంటనే మెయిన్ ఆపి ప్లగ్గు తీసేశాను. లావుపాటి ఎర్త్ పిన్నును తొలగిస్తే మోత పోతుందని ఒక బంధువు చెప్పారు. లోపల ఫేజు తీగ ఊడి పెట్టెకు తగిలిన రోజున మనిషిని కాపాడేది ఆ పిన్నే కనుక, నేను ఎంతమాత్రం ఒప్పుకోలేదు.

ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో చూస్తే ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు సరిగానే ఉన్నా, ఫేజుకు, ఎర్త్‌కు మధ్య చాలా తక్కువ చూపించింది. పెరట్లో ఎర్త్ గుంత తవ్విస్తే తీగ తుప్పుపట్టి తెగిపోయి ఉంది, మన ఎండలకు మట్టి కూడా పొడిబారింది. కొత్త పైపు, తీగ వేయించి, బొగ్గు, ఉప్పు నింపి నీళ్లు పోయించాక ఆ రీడింగు కూడా 230కి దగ్గరగా వచ్చింది. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చు కూడా పెట్టించాను.

జివ్వుమనడం పోయింది కానీ మోత సన్నగా మిగిలింది. సెట్‌టాప్ బాక్సు నుండి కేబుల్ టీవీ తీగను తీయగానే అదీ ఆగింది. ఆ తీగ మరో దారిలో ఎర్త్‌ను కలుపుతోంది, ఆ రెండు దారుల మధ్య తిరిగే కరెంటే మోతగా వినిపిస్తోందన్నమాట. ఇప్పుడు టీవీ శబ్దాన్ని విద్యుత్తు ప్రవహించని ఆప్టికల్ కేబుల్‌తో యాంప్లిఫయర్‌కు తెచ్చుకుంటున్నాను. ఎండాకాలం ఎర్త్ గుంతలో వారానికోసారి నీళ్లు పోస్తున్నాను.