కొమ్మమూరు గట్టు నుంచి కనాల్ దు మిదీ దాకా: గుంటూరోళ్లకి ఫ్రాన్స్ గ్రావెల్ సైక్లింగ్

గ్రావెల్ సైక్లింగ్ అని ఇప్పుడు పెద్ద పేరు పెట్టారు గానీ విషయం చిన్నదే, తారు రోడ్డు వదిలేసి కంకర దారుల్లో, మట్టి బాటల్లో, కాలువ గట్ల మీద సైకిల్ తొక్కుకుంటూ పోవడం. కాస్త లావు టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్, సంచులు కట్టుకోవడానికి వీలు, అంతే. మన విజయవాడ, గుంటూరు వైపు వాళ్లెవరైనా ఫ్రాన్స్‌లో ఎక్కడ తొక్కాలి అని అడిగితే నాది ఒకటే జవాబు: ఆల్ప్స్ కొండల జోలికి పోకండి, కనాల్ దు మిదీకి వెళ్లండి. మనం డెల్టా మనుషులం. కొండెక్కడం మనకి రాదు, కాలువ గట్టు మాత్రం పుట్టినప్పటి నుంచి తెలుసు. లాకులంటే ఏంటో, తూము అంటే ఏంటో మనకి ఒకళ్లు చెప్పక్కర్లేదు.

తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం పక్కనున్న తో అనే ఉప్పునీటి సరస్సు దాకా 240 కిలోమీటర్లు ఈ కాలువ. 1666లో మొదలై 1681లో పూర్తయింది, అంటే మన కృష్ణా ఆనకట్ట పనులకి (1852 నుంచి 1855) 170 ఏళ్లకి పైగా ముందు. తవ్వించిన పియేర్ పాల్ రికే ఇంజినీరు కాదు, రాజుగారి తరఫున ఉప్పు పన్ను వసూలు చేసే ఆసామి. సొంత డబ్బు పోసి, అప్పుల్లో మునిగి, తీరా కాలువ పూర్తవడానికి కొన్ని నెలల ముందు 1680లో పోయాడు పాపం. ఒకప్పుడు గుర్రాలు ఈ గట్టు మీద నడుస్తూ తాడుతో పడవల్ని లాగేవి, ఆ గుర్రాల దారే ఇప్పుడు మనం తొక్కే దారి.

ముందు ఇక్కడ ప్రాక్టీసు. నెలన్నర చాలు, డిసెంబరు, జనవరి పొద్దుటి పూటలు అయితే ఇంకా మంచిది. సీతానగరం దగ్గర మొదలుపెట్టి పశ్చిమ డెల్టా కాలువ పట్టుకుని దుగ్గిరాల లాకుల దాకా, ఓపికుంటే అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ వెంట చేబ్రోలు వైపు. కొంత తారు, కొంత కంకర, కొంత ఉత్త మట్టి, అక్కడా అచ్చం ఇదే కలగాపులగం. దారిలో ఉండవల్లి గుహల దగ్గర ఆగండి, చేబ్రోలులో కోనేటి మధ్యన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి దగ్గర ఆగండి. ఎందుకు ఆగమంటున్నానంటే, సైకిల్ మీద చరిత్ర చూడ్డం కూడా అలవాటు చేసుకోవాల్సిన పనే, దిగడం, తాళం వేయడం, చూడ్డం, చల్లబడిన కాళ్లతో మళ్లీ ఎక్కడం. ఓ ఆదివారం భట్టిప్రోలు కూడా పోయి రండి. అక్కడి స్తూపం ఇటుకలూ రాళ్లూ బ్రిటిష్ కాలంలో చాలావరకు రోడ్లకీ కాలువ పనులకీ పోయాయి, అది చూశాక ఫ్రాన్స్ వాళ్లు కాలువనే వారసత్వంగా దాచుకోవడం (1996లో యునెస్కో జాబితాకెక్కింది) చూస్తే కడుపులో ఏదోలా ఉంటుంది.

పరీక్ష ఒక్కటే: శని, ఆదివారాలు వరసగా రోజుకి 60 కిలోమీటర్లు, పూర్తి సామాను కట్టుకుని తొక్కగలిగారా? అయితే చాలు. ఒక్కరోజు వంద తొక్కడం గొప్ప కాదు, రెండో రోజు పొద్దున్నే మళ్లీ సీటు మీద కూర్చోగలగడం గొప్ప.

టైర్లు 40 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పువి వేసుకోండి, ట్యూబ్‌లెస్ అయితే మేలు. ఇక్కడ సర్కారు తుమ్మ ముళ్లకి ఎలాగూ అవసరమే. గాలి విషయంలో మనవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది, పంపు దొరికింది కదా అని రాయిలా బిగించేస్తారు. నేనూ మొదట్లో అదే చేశాను, చెట్ల వేళ్ల మీద పది కిలోమీటర్లు వెళ్లేసరికి అరచేతులు తిమ్మిరెక్కి బ్రేకు పట్టుకోవడం కూడా కష్టమైంది. 70 కిలోల మనిషికి 35, 40 పీఎస్ఐ (టైర్లో గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, దారిని బట్టి ఇంకాస్త తగ్గించుకోండి. సైకిల్ ఇక్కడి నుంచి మోసుకెళ్లాలా అంటే, నా మాట వద్దనే. తులూజ్‌లో తీసుకుని సముద్రం వైపున్న బెజియే దగ్గరో సెత్ దగ్గరో ఇచ్చేసే అద్దె సైకిళ్లు ఉన్నాయి. మీ సీటు, మీ పెడల్స్ మాత్రం విప్పి పట్టుకెళ్లండి, ఆ రెండూ మీవైతే అద్దె సైకిలు కూడా సొంత సైకిల్లానే ఉంటుంది.

వీసా హైదరాబాద్‌లో పెట్టుకోవచ్చు. షెంగెన్ (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి చెల్లే వీసా) ఫీజు పెద్దలకి 90 యూరోలు, పైన సర్వీసు చార్జీలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కాబట్టి ఆఖరి నెల టెన్షన్ పెట్టుకోకండి. కనీసం 30 వేల యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. పారిస్ నుంచి తులూజ్‌కి టీజీవీ అనే వేగపు రైలు నాలుగున్నర గంటలు. సొంత సైకిలే తెస్తామని మొండికేస్తే చాలా టీజీవీల్లో విప్పి సంచిలో పెట్టాలి. చిన్న ఊళ్ల మధ్య తిరిగే టీఈఆర్ రైళ్లలో అయితే మామూలుగా అలాగే ఎక్కించేయొచ్చు. పైగా తులూజ్, కాస్తెల్నోదారి, కార్కసోన్, నార్బోన్, బెజియే, సెత్ అన్నీ ఒకే రైలు మార్గంలో కాలువకి దగ్గర్లోనే ఉన్నాయి, కాళ్లు మొరాయిస్తే రైలెక్కేయడమే. ఇందులో సిగ్గేం లేదు.

పొడులు తీసుకెళ్లండి, నెయ్యి మాత్రం వద్దు. పాలతో, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి లగేజీలో తేవడానికి యూరప్ ఒప్పుకోదు. మా బామ్మర్ది చిన్న సీసాడే కదా అని పెట్టుకోబోతే నేనే తీయించాను. ఆ వారం అంతా కందిపొడి అన్నం కాదు, కందిపొడి రొట్టె తిన్నాం, ఆలివ్ నూనెతో. అలవాటైతే బాగానే ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలంటే మే, జూన్ లేదా సెప్టెంబరు. రోహిణి కార్తెలో బెజవాడ ఎండ చూసిన మనకి అక్కడి జూలై ఎండ లెక్క కాదు గానీ, జూలై, ఆగస్టుల్లో ఫ్రాన్స్ మొత్తం సెలవుల మీద అక్కడే ఉంటుంది, గదులు దొరకవు. మే నెలలో పండగ సెలవులు ఎక్కువ, ఆ వారాంతాలకి గది ముందే పట్టుకోవాలి. దిశ మాత్రం తులూజ్ నుంచి సముద్రం వైపే పెట్టుకోండి. కార్కసోన్ చుట్టుపక్కల పడమటి నుంచి సేర్స్ అనే గాలి గట్టిగా వీస్తుంది, అది వెనక నుంచి తోస్తుంటే సగం పని అదే చేస్తుంది. ఒక్కోసారి ఆగ్నేయం నుంచి ఓతాన్ గాలి ఎదురొస్తుంది, ఆ రోజు మీ ఖర్మ.

తులూజ్ దాటాక మొదటి 50 కిలోమీటర్లు దాదాపు అంతా తారే, నున్నగా ఉంటుంది. గ్రావెల్ కోసం వచ్చినవాళ్లకి విసుగే గానీ, చుట్టూ ఉన్న లోరగే ప్రాంతం కథ తెలిస్తే విసుగు రాదు. 15, 16 శతాబ్దాల్లో ఇక్కడ పాస్టెల్ అనే మొక్క ఆకులు నూరి, ముద్దలు కట్టి, వాటితో నీలం రంగు తీసి యూరప్ అంతటా అమ్మేవాళ్లు. తులూజ్‌లో కనిపించే ఇటుక మేడల్లో కొన్ని ఆ డబ్బుతో కట్టినవే. తర్వాత మన దేశపు నీలిమందు ఓడలెక్కి వచ్చింది, ఈ వ్యాపారం దెబ్బతినడానికి అదీ ఒక కారణం. ఆ పొలాల్లో ఇప్పుడు గోధుమ, పొద్దుతిరుగుడు. (ఫ్రెంచి వాళ్లతో మనకి లెక్కలు అక్కడితో ఆగవు. 18వ శతాబ్దం మధ్యలో కొండవీడు నుంచి మకాం గుంటూరుకి మార్చింది వాళ్లేనంటారు.)

నోరూజ్ దగ్గర మాత్రం తప్పకుండా దిగండి. మన కాలువలు బ్యారేజీ నుంచి సముద్రానికి పల్లానికే పోతాయి. ఈ కాలువ అలా కాదు, ఒక మిట్ట ఎక్కి అటు దిగుతుంది. ఆ మిట్ట ఇదే, 189 మీటర్ల ఎత్తు. మిట్ట మీదున్న కాలువకి నీళ్లెక్కడివి? రికే గొప్పతనమంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంది. ఉత్తరాన ఉన్న మోంతాన్య్ న్వార్ కొండల్లో వాగుల్ని పట్టి, సాఁ ఫెరియోల్ చెరువు కట్టి, అక్కడి నుంచి పిల్లకాలువ తవ్వి నీళ్లు ఇక్కడికి తెచ్చాడు. నీళ్లు ఇక్కడ రెండుగా చీలి, కొన్ని అట్లాంటిక్ వైపు, కొన్ని మధ్యధరా వైపు పోతాయి. చెట్ల నీడలో అది చూస్తూ అరగంట కూర్చున్నాం, మా బామ్మర్ది ఇరిగేషన్‌లో పనిచేసినవాడు కాబట్టి గంట కూర్చునేవాడే.

లాకుల గోడలు చూడండి, కోడిగుడ్డులా మధ్యలో ఉబ్బి ఉంటాయి. మొదట తిన్నటి గోడలతో కట్టిన లాకు ఒకటి కూలిపోయింది, అందుకని వంపు పెట్టారు. మట్టి ఒత్తిడికి మన బావి గుండ్రంగా ఎందుకు కడతామో అదే లెక్క.

కాస్తెల్నోదారిలో కసూలే అని మట్టి మూకుట్లో గంటల తరబడి వండే చిక్కుడు గింజల కూర, ఊరికి పేరొచ్చిందే దాంతో. శాకాహారులు గింజలే కదా అని ఆర్డర్ ఇవ్వకండి, అందులో బాతు, పంది సాసేజీ ఉంటాయి. ఇక్కడి నుంచి కార్కసోన్ దాకా 40 కిలోమీటర్లు అసలైన గ్రావెల్. కార్కసోన్ కోటకి రెండు వరసల గోడలు, 52 బురుజులు. 1853 నుంచి వియోలే ల దుక్ అనే ఆర్కిటెక్ట్ బాగుచేయించాడు, కొన్ని బురుజుల మీది కోసు కప్పులు ఆయన ఊహేనని ఇప్పటికీ తగువులాడుకుంటారు. నన్నడిగితే మన కొండవీడుకి అలాంటి పిచ్చివాడు ఒకడు దొరికినా బాగుండేది.

కార్కసోన్ దాటాక దారి సన్నబడుతుంది, చోట్ల చోట్ల ఒక్క సైకిల్ పట్టే బాట. రెండు వైపులా ప్లేన్ అనే జాతి చెట్లు, వాటి వేళ్లు పైకి లేచి ఉంటాయి. వాన పడితే జారుడే. కొన్ని చోట్ల చెట్లే ఉండవు, ఎండ నడినెత్తిన పడుతుంది. 2006లో బయటపడిన ఒక శిలీంధ్రపు తెగులు వల్ల వేల చెట్లు కొట్టి, కాల్చేయాల్సి వచ్చింది, కాలువ వెంట అప్పట్లో ఉన్నవి సుమారు 42 వేలు. వాటి స్థానంలో వేరే మొక్కలు నాటుతున్నారు. గట్టు మీద చెట్టు ఊరికే నీడ కాదు, దాని వేళ్లే గట్టుని పట్టుకుంటాయి, ఇది మన రైతు ఎవరైనా చెబుతాడు.

ల సొమాయ్ ఊళ్లో పాత వంతెన, పాత పుస్తకాల కొట్టు ఉన్నాయి, రాత్రికి ఆగడానికి బాగుంటుంది. తర్వాత మాల్పా దగ్గర కాలువ 165 మీటర్లు కొండలోంచి సొరంగంలో పోతుంది. పైన అంసెరూన్ మిట్ట ఎక్కితే కింద మోంతాదీ కనిపిస్తుంది: 13వ శతాబ్దంలో నీళ్లు తోడేసిన గుండ్రటి చెరువు, మధ్యలోంచి సైకిల్ చక్రం పుల్లల్లా కాలవలు చీలి, ఆ ముక్కల మధ్య పొలాలు. ఈ మొత్తం ప్రయాణంలో ఒక్కటే చూడమంటే నేను కోటని వదిలేసి దీన్నే చూస్తాను. ఆ పైన బెజియేలో ఫోన్‌సెరాన్ లాకులు, మెట్లలా ఒకదాని కింద ఒకటి, పడవ 20 మీటర్ల పైనే దిగుతుంది.

ఇక పల్లెటూళ్లలో నడత. ఎవరు ఎదురొచ్చినా, చేపలు పట్టే ముసలాయనకైనా, ముందు "బోంజూర్", తర్వాతే ఇంకేదైనా. కొట్లోకి వెళ్లి నేరుగా "రొట్టె ఉందా" అంటే మొహం మాడ్చుకుంటారు. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా కొట్లు మూసేస్తారు, భోజనాల హోటళ్లు ఆ సమయంలోనే వడ్డిస్తాయి, 2 దాటాక వెళ్తే అన్నం లేదు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం మరీ కష్టం. ఒక సోమవారం మూడు ఊళ్లు తిరిగితే మూడు బేకరీలూ మూసి ఉన్నాయి, రెండు అరటిపళ్లు, గుప్పెడు వేరుశనగపప్పుతో 45 కిలోమీటర్లు తొక్కాం. ఆదివారం పొద్దునే రెండు పూటలకి కొనేసుకోండి.

నీళ్లకి ఒక చిట్కా, వినడానికి బాగోదు: శ్మశానాలు. ఊరూరా శ్మశానంలో పూలకి పోయడానికి కుళాయి ఉంటుంది, ఫ్రాన్స్‌లో సైక్లిస్టులందరూ అక్కడే సీసాలు నింపుకుంటారు. "నోఁ పొటాబ్ల్" అని బోర్డు ఉంటే తాగకూడదు. "బావా, చచ్చినా శ్మశానంలో నీళ్లు తాగను" అన్నాడు మా వాడు. మూడో రోజు ఎండకి గేటు తీసింది వాడే.

రోడ్డెక్కితే కుడిచేతి వైపు నడపాలన్నది గుర్తుంటుంది, కానీ బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడికి దారివ్వాలన్నది మర్చిపోతాం. చీకటి పడితే ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి. ఏదైనా జరిగితే 112.

కాలువ మార్సెయాన్ దగ్గర ఓ చిన్న దీపస్తంభం పక్కన తో సరస్సులో కలిసి అయిపోతుంది. అక్కడి నుంచి సరస్సుకీ సముద్రానికీ మధ్యనున్న ఇసుక పట్టీ మీద సైకిల్ బాట ఉంది, తొక్కుకుంటూ సెత్ స్టేషన్ చేరుకోవచ్చు. సైకిల్ ఇచ్చేసే ముందు సీటు, పెడల్స్ విప్పి సంచిలో వేసుకోవడం మర్చిపోకండి. నా పెడల్స్ ఇంకా అక్కడే ఉన్నాయి.